మోకాళ్ళ మీద మేసిన మేక: గిట్టల విషయంలో నా అనుభవం

పోయిన ఏడు ఆగస్టు చివర్లో, వారం రోజులు విడవకుండా ముసురు పట్టి తెరిపిచ్చిన రోజు పొద్దున, షెడ్డులో సుబాబుల్ కొమ్మలు తాడుకు వేలాడదీసి పక్కకు తిరిగి చూస్తే, మిగతా మేకలన్నీ వెనక కాళ్ళ మీద లేచి ఆకు లాక్కుంటున్నాయి గానీ మా చుక్క మాత్రం ముందు కాళ్ళు రెండూ మడిచి, మోకాళ్ళ మీద ఆనుకుని, కింద రాలిన ఆకు ఏరుకుని తింటోంది. అదిలిస్తే లేచింది, నాలుగడుగులు వేసింది, మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. మందలో అన్నిటికంటే ముందు కొమ్మ అందుకునేది అదే. దాన్ని అలా చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది.

మాది అచ్చంపేట వైపు, నల్లమల అంచున ఉన్న ఊరు. స్త్రీనిధి లోన్ తీసుకుని మేకలు కొన్నాను, ఇప్పటికి 17 మేకలు, ఒక పోతు. కొన్ని ఉస్మానాబాదీ, కొన్ని మన నాటు నల్ల మేకలు. మా ఆయన హైదరాబాద్‌లో డ్రైవింగ్ చేస్తారు, ఇక్కడ నేను, మా అత్తమ్మ. తోలుకుపోయి మేపడానికి మనిషి లేడు కాబట్టి నేలకు నాలుగడుగుల ఎత్తున చెక్క పలకలు పరిచి షెడ్డు వేసుకున్నాం. పెంటికలు సందుల్లోంచి కిందికి రాలిపోతాయి, పైన శుభ్రంగా ఉంటుంది, రోగాలు తక్కువ అని అందరూ చెప్పారు. నిజమే, దగ్గులు, పారుడు బాగా తగ్గాయి. కానీ ఆ చెక్కల మీద నిలబెట్టిన మేకకు గిట్టలు ఏమవుతాయో ఒక్కరూ చెప్పలేదు, నాకూ ఆ ఆలోచన రాలేదు. అందుకే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను, నాలాగే షెడ్డు వేసుకుని మొదలుపెట్టిన వాళ్ళు చాలామంది ఉన్నారు.

మొదటి మూడు రోజులు నేను చేసినవన్నీ వేరే పనులే. నీరసం అనుకుని నట్టల మందు తాగించాను. తర్వాత ఎక్కడో దూకి కాలు బెణికించుకుందేమో అనుకుని నువ్వుల నూనె రాసి కాపడం పెట్టాను. మేత తగ్గింది, పాలు సగానికి పడిపోయాయి. కాలు పైనుంచి కిందిదాకా తడిమి చూశాను గానీ గిట్ట పైకెత్తి అడుగు భాగం చూడాలని తట్టలేదు.

చూసింది మామ. మామ అంటే మా అత్తమ్మకు అన్న, చిన్నప్పటినుంచి గుట్టల్లో మేకలు కాసిన మనిషి. వినాయక చవితికి ముందు చెల్లెల్ని చూడడానికి వచ్చాడు. షెడ్డు ఎక్కి, చుక్క పక్కన కూర్చుని, దాని కాలు వెనక్కి మడిచి పట్టుకుని గిట్టను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"గిట్ట పెరిగి లోపలికి మడత పడ్డది బిడ్డా. అండ్ల కుళ్ళుతున్నది. ఇగో, వాసన సూడు."

చూశాను. గిట్ట అంచు పెరిగి పెరిగి, తమలపాకు అంచు మడిచినట్టు అడుగు మీదికి మడతపడి ఉంది. ఆ మడత లోపల పెంట, బురద గట్టిపడి కూరుకుపోయింది. మామ ఒక కంది పుల్లను చెక్కి దాంతో మెల్లగా పెకిలిస్తే నల్లటి పిప్పిలాంటిది ఊడి వచ్చింది, దాని వెనకాల బూడిద రంగులో మెత్తటి జిగురు. ఎలుక చచ్చిన ఇంట్లో వచ్చే వాసన. రెండు గిట్టల సందులో చర్మం ఎర్రగా, తడిగా, ముట్టుకుంటే చుక్క ఒళ్ళంతా వణికింది. రోజూ పాలు పిండుతూ ఆ కాళ్ళ పక్కనే కూర్చుంటాను నేను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి నీ మేకలకు ఎవరు కోస్తారు మామా?" అని అడిగాను.

"మాయాటికి గుట్ట మీద రాళ్ళే కోస్తయి. పొద్దుందాక తిరిగితే ఎంత పెరుగుతదో అంత అరుగుతది. నువ్వు తెచ్చి చెక్కల మీద నిలవెట్టినవు. ఇగ రాయి చేసే పని నువ్వే చెయ్యాలె."

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. గిట్ట అంటే మన గోరు లాంటిదే, ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. తిరిగే మేకకు నేల అరగదీస్తుంది. మెత్తటి నేల మీదో చెక్కల మీదో ఉండే మేకకు అరిగే దారి లేదు. పైగా వానాకాలం తడికి గిట్ట మెత్తబడి, చర్మం నాని ఉంటుంది, అప్పుడు కుళ్ళు పట్టడం చాలా తేలిక. ఆ సాయంత్రం నేనూ అత్తమ్మా కూర్చుని అన్నిటి కాళ్ళూ ఎత్తి చూశాం. కాలికి రెండు చొప్పున మేకకు 8 గిట్టలు, 18 జీవాలకు 144. పదకొండింటికి గిట్టలు పెరిగి ఉన్నాయి, వాటిలో నాలుగింటికి వాసన వస్తోంది. ఆ నాలుగింటిలో రెండు జూన్‌లో సంతలో కొన్న మేకలు. కొత్తగా తెచ్చిన వాటిని నేరుగా మందలో కలిపేశాను, అది నా తప్పే.

మర్నాడు చుక్కను ఆటోలో మండలంలో ఉన్న పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టర్ గారు కాలు చూడడానికి ముందు నోరు తెరిచి చూశారు. ఎందుకంటే గాలికుంటు వచ్చినా మేకలు కుంటుతాయి, కానీ అందులో నాలుక మీద, చిగుళ్ళ మీద, గిట్టల సందుల్లో బొబ్బలు లేస్తాయి, జ్వరం ఉంటుంది, మందలో చాలా జీవాలు ఒకేసారి పడతాయి. ఇది అది కాదన్నారు. ఇది గిట్టల కుళ్ళు, ఫుట్ రాట్ అంటారు, గాలి తగలని చోట పెరిగే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, ఒకదాని నుంచి ఇంకోదానికి బురద ద్వారా అంటుతుంది. చుక్కకు బరువు చూసి యాంటీబయాటిక్ ఇంజెక్షన్, దాంతోపాటు ధనుర్వాతం రాకుండా టీటీ వేశారు. డోసు నేను రాయను, అది డాక్టర్ చూసి వేయాల్సిందే. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు: మడత పడిన గిట్ట అలాగే ఉంటే ఏ మందూ లోపలికి చేరదు, ముందు ఆ మడత కోసి గాలి తగలనివ్వాలి. ఎలా కోయాలో చుక్క ముందు కాలి మీద చేసి చూపించారు. మిగతావి ఇంటికొచ్చి నేనే చేశాను.

పనిముట్లు పెద్దగా ఏం అక్కర్లేదు. మొక్కల కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర ఒకటి కొన్నాను, సన్నటి మొన ఉన్నది చూసుకుని. వెడల్పు మొన ఉన్నది మడత కిందికి దూరదు. ఒక ఆకురాయి, పాత టూత్ బ్రష్, చెక్కిన పుల్ల, దూది, పొవిడోన్ అయోడిన్, పసుపు, ఒక బకెట్లో డెట్టాల్ నీళ్ళు. ఒక మేక అయ్యాక కత్తెర కడిగి డెట్టాల్‌లో ముంచకుండా ఇంకో మేకకు పెట్టొద్దు, కుళ్ళున్న మేకను అన్నిటికంటే చివర పెట్టుకోవాలి. కత్తెర మాత్రం పదునుగా ఉండాలి. మొద్దు కత్తెరతో చేస్తే నలుగుతుంది గానీ తెగదు, మేక గింజుకుంటుంది, అప్పుడే మన చెయ్యి జారేది.

పట్టుకోవడం కోయడం కంటే కష్టం. మెడను గుంజకు పొట్టిగా కట్టి, ముందు గుప్పెడు మొక్కజొన్న నూక పెట్టాం. నేను మేక తోక వైపు తిరిగి పక్కన నిలబడి, ముందు కాలు మోకాలి దగ్గర అది మామూలుగా ఎలా మడుచుకుంటుందో అలాగే వెనక్కి మడిచాను. మొదట్లో నాకు బాగా కనబడాలని పక్కకు లాగేదాన్ని, అందుకే అది తన్నేది. "గట్ల గుంజకు బిడ్డా, దాని రెక్క గుంజుకపోతది" అని అత్తమ్మ అరిచింది. పక్కకు లాగితే భుజం పట్టేస్తుంది, నిజంగానే నొప్పి. వెనక కాలు అయితే కొద్దిగా ఎత్తి వెనక్కి చాపాలి, ఎక్కువ ఎత్తితే బ్యాలెన్స్ తప్పి మన మీద పడుతుంది. కొంతమంది మేకను వెల్లకిలా పడేసి కోస్తారు. నేను అలా చెయ్యను, అందులోనూ నెలలు నిండిన చూడి మేకను ఎట్టి పరిస్థితుల్లోనూ అలా పడేయొద్దు.

ఇక కోయడం. ముందు పుల్లతో, బ్రష్‌తో పెంటంతా తీసేయాలి, లేకపోతే ఏది గిట్టో ఏది బురదో తెలియదు. తర్వాత మడత పడిన అంచు కిందికి కత్తెర మొన దూర్చి మడమ నుంచి కొన వైపు కత్తిరించుకుంటూ పోవాలి, బయటి అంచు, తర్వాత లోపలి అంచు. ఆ అంచుకు నొప్పి తెలియదు, మన గోరు కొసలాగే. అది పోయాక అడుగు కనిపిస్తుంది. కొన ముందుకు పొడుచుకొచ్చి ఉంటే ఆ ముక్క తీయాలి. అప్పుడు అడుగు మీద ఎక్కువున్న చోట, మడమ దగ్గర, కొబ్బరి చెక్క మీద పొర తీసినట్టు పల్చగా పొరలు పొరలుగా తీయాలి. మొదటి పొర బూడిద రంగు, పిండి రాలినట్టు ఉంటుంది. దాని కింద తెల్లగా, నున్నగా, పచ్చి కొబ్బరిలా కనిపిస్తుంది. ఇంకొక్క పొర తీస్తే ఆ తెలుపులో లేత గులాబీ రంగు తోస్తుంది. అక్కడ ఆగిపోవాలి. దాని వెనకే రక్తం ఉంటుంది.

ఎంత కోయాలి, ఏ ఆకారంలో కోయాలి అన్నది నాకు చాలాసేపు అర్థం కాలేదు. మామే చెప్పాడు, షెడ్డులో ఉన్న రెండు నెలల పిల్లను ఎత్తి నా ఒళ్ళో పెట్టి, "దీని గిట్ట సూడు, గట్ల రావాలె" అని. చూస్తే అడుగు చదునుగా, చిన్న పెట్టెలా, రెండు గిట్టలూ సమానంగా ఉన్నాయి. వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే చోట ఒక గీత ఉంటుంది కదా, ఆ గీతకూ నేలను తాకే అడుగుకూ మధ్య దూరం ముందు నుంచి వెనక దాకా ఒకేలా ఉంది. పెద్ద మేకకు కొన ఎత్తు పెరిగి, మడమ కూలబడి ఆ లెక్క తప్పుతుంది. ఇప్పటికీ ప్రతిసారీ ఆ గీతనే చూసుకుని కోస్తాను.

మూడో మేక దగ్గర రక్తం తీశాను. పొద్దు గూకుతోంది, త్వరగా అయిపోవాలని కొన దగ్గర పెద్ద ముక్క ఒక్కసారే కత్తిరించేశాను. చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది. నా చేతులు వణికిపోయాయి. అత్తమ్మ దూది పెట్టి గట్టిగా అదిమి పట్టమంది, ఐదు నిమిషాలు తియ్యకుండా పట్టుకుంటే ఆగింది. అయోడిన్ రాసి, పైన పసుపు అద్ది, గుడ్డ కట్టి ఆ రాత్రి పొడి నేల మీద విడిగా కట్టేశాం. టీటీ వేయించింది చుక్కకు ఒక్కదానికే అని అప్పుడు గుర్తొచ్చింది. ధనుర్వాతం క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి, మేకకు వచ్చిందంటే బతకడం చాలా కష్టం. రాత్రంతా టెన్షన్. పొద్దున్నే పోయి దానికీ వేయించుకొచ్చాను. అది బాగానే ఉంది, రెండో రోజుకే మామూలుగా నడిచింది. కానీ ఆ తర్వాత నేను సాయంత్రం పూట కత్తెర పట్టుకోలేదు, రోజుకు నాలుగు మేకల కంటే ఎక్కువ పెట్టుకోలేదు.

కోసిన తర్వాత గిట్టలకు మందు నీళ్ళలో నిలబెట్టడం అని ఒకటుంది, కుళ్ళు ఉన్న మందకు ఇది తప్పనిసరి. చాలామంది మైలుతుత్తం వాడతారు, తోటలకు బోర్డో మిశ్రమం కలుపుతారే, అదే. 5 శాతం అంటే 20 లీటర్ల నీళ్ళకు కిలో. కానీ మా షెడ్డులో రెండు పొట్టేలు పిల్లలు కూడా ఉన్నాయి, గొర్రెలకు రాగి చాలా త్వరగా విషమవుతుంది, మూతి పెట్టి తాగాయంటే ప్రమాదం. డాక్టర్ గారు జింక్ సల్ఫేట్ వాడమన్నారు. అది ఎరువుల కొట్టులోనే దొరుకుతుంది, వరికి జింక్ లోపం వస్తే వేసేదే. 10 లీటర్ల నీళ్ళకు కిలో కలిపితే 10 శాతం. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో గిట్టలు మునిగేంత, రెండంగుళాలు పోసి ఒక్కో మేకను పది నిమిషాలు నిలబెట్టాను. ముందే గిట్టలు కడగాలి, లేకపోతే మందంతా పెంటకే పోతుంది. ముందే కడుపునిండా మంచి నీళ్ళు తాగించాలి, లేకపోతే దాహానికి ఆ నీళ్ళలోనే మూతి పెడతాయి. బయటికి వచ్చాక గంటసేపు పొడి నేల మీదే ఉంచాలి, వెంటనే బురదలోకి వదిలితే చేసిందంతా వృథా. మిగిలిన నీళ్ళు చెరువులోకో కాలువలోకో పారబోయొద్దు. వారానికి ఒకసారి చొప్పున నాలుగు వారాలు చేశాను. రెండో వారానికి వాసన పోయింది. చుక్క పదో రోజున లేచి నిలబడి మేసింది.

గౌరి మాత్రం వేరే కథ. సంతలో కొన్న వాటిలో ఒకటి, దాని వెనక గిట్టలు ఎన్నాళ్ళుగా పట్టించుకోలేదో, పాత చెప్పు కొన పైకి లేచినట్టు వంకర తిరిగిపోయాయి. దాన్ని ఒకేసారి సరిచేయాలని చూడకూడదు. గిట్ట పొడవు పెరిగితే లోపలి రక్తం ఉండే భాగం కూడా ముందుకు వచ్చేస్తుంది, కొద్దిగా కోస్తే అది కొద్దిగా వెనక్కి తగ్గుతుంది. రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తీస్తూ వచ్చాను, సంక్రాంతి నాటికి గానీ అడుగు చదునుగా నేలకు ఆనలేదు. ఇప్పటికీ అది నడిచేటప్పుడు ఎడమ కాలు కొద్దిగా విసిరినట్టు వేస్తుంది. అది ఇక పోదనుకుంటా.

పోతును వదిలేయొద్దు అని మాత్రం గట్టిగా చెబుతాను. బరువు ఎక్కువ, పట్టుకోవడం కష్టం అని చాలామంది దాని జోలికి పోరు. కానీ ఆడ మేకతో జతకట్టేటప్పుడు బరువంతా వెనక కాళ్ళ మీదే పడుతుంది, అవి నొప్పిగా ఉంటే ఎక్కదు, మనమేమో పోతు పనికిరాదని అమ్ముకుంటాం. మా పోతుకు ఇద్దరు మనుషులు కావాలి, మా ఆయన వచ్చిన ఆదివారమే చేస్తాం.

ఇప్పుడు రెండు నెలలకోసారి అన్నిటి గిట్టలు చూస్తాను, కోయాల్సినవి కోస్తాను. నోట్‌బుక్‌లో ఒక్కోదాని పేరు పక్కన తేదీ రాసి పెట్టుకుంటాను. వాన పడిన మర్నాడు గిట్ట మెత్తగా ఉంటుంది, కత్తెర వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఎండాకాలం మాత్రం కొయ్య ముక్కే. మొన్న ఏప్రిల్‌లో బలవంతంగా కోయబోతే కత్తెర పిడి విరిగింది. తడి గోనెసంచుల మీద అరగంట నిలబెట్టి, తర్వాత కోస్తే తేలిగ్గా వచ్చింది. దాణా కూడా చూసుకోవాలి, ఆశకొద్దీ మొక్కజొన్న, జొన్న ఎక్కువ పెడితే కడుపులో పులిసి గిట్టలు వేడెక్కి వాస్తాయి, అదో రకం కుంటు, దానికి కత్తెర పనిచెయ్యదు.

షెడ్డు ముందు వాకిట్లో రెండు ట్రాక్టర్ల రాళ్ళు పోయించాం. కంకర కొంత, పెద్ద బండలు కొన్ని, గుట్టలాగా. మేకకు ఎత్తు కనబడితే ఎక్కకుండా ఉండలేదు కదా, పొద్దున వదలగానే అన్నీ వాటి మీదే. నీళ్ళ తొట్టి దగ్గర పైపు కారుతుంటే బాగు చేయించి చుట్టూ కంకర పోశాం, బురద ముఖ్యంగా అక్కడే అయ్యేది. కొత్త మేకను తెస్తే మూడు వారాలు విడిగా కట్టేసి, గిట్టలు కోసి, జింక్ నీళ్ళలో నిలబెట్టాకే మందలోకి. మామ మొన్న వచ్చి ఆ బండల మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, "గుట్టను ఇంటికే తెచ్చుకున్నవు" అన్నాడు.

చుక్క అక్టోబర్‌లో చూడి కట్టింది, మార్చిలో తెల్లవారుజామున ఈనింది, రెండు పిల్లలు. గోనెసంచితో తుడుస్తూ మొదట గిట్టలే పట్టుకుని చూశాను. అప్పుడే పుట్టిన పిల్ల గిట్ట కొసకు పసుపు రంగులో మెత్తటి తొడుగు ఉంటుంది, తాటి ముంజె మీది పొరలా, తల్లి కడుపులో గీసుకోకుండా. వేలితో నొక్కితే జారిపోతుంది. మధ్యాహ్నానికి అవి రెండూ లేచి తడబడుతూ తిరిగేసరికి ఆ తొడుగు చాలావరకు ఊడిపోయి, కింద నల్లటి చిన్న గిట్టలు బయటపడ్డాయి. సాయంత్రం సుబాబుల్ కొమ్మ కట్టాను. చుక్క పిల్లల్ని వదిలేసి వచ్చి, వెనక కాళ్ళ మీద లేచి, అన్నిటికంటే పై ఆకు అందుకుంది.